మెలికలకు ఆనిన గుండు

నేను తుపాకులు కడతాను. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అదే పని. గొట్టం ఒకచోటి నుంచి, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు ఒకచోటి నుంచి, ట్రిగ్గరు ఇంకోచోటి నుంచి తెప్పించి, లేతు మీద తిప్పి, మనిషి భుజానికీ మెడకీ సరిపోయేలా కొత్త తుపాకీ పుట్టిస్తాను. మా ఊరు మెరిల్ క్రీక్‌లోనే కాదు, మోంటానా రాష్ట్రంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నా తుపాకులున్నాయి. ఇదంతా గొప్పకు చెబుతానని మా ఆవిడ నోరీన్ అంటుంది. నిజమే, గొప్పకే చెబుతాను. కిందటి నవంబరు దాకా ఆ గొప్పకు వంకపెట్టే అవసరం ఎవరికీ రాలేదు.

ఆర్డిస్ క్వాలే మా ఊరి బళ్ళో వంటమనిషి. అరవై మూడేళ్ళుంటాయి. ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళందరూ ఆవిడ వడ్డించిన బంగాళదుంపల ముద్దా మాంసం పులుసూ తిని పెరిగినవాళ్ళే. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాట తక్కువ. ఏటా ఒక దుప్పిని కొట్టి, తనే కోసుకుని, తనే మోసుకొస్తుంది. ఎవరి సాయమూ అడగదు. ఆవిడ పాత తుపాకీ గొట్టం అరిగిపోయి నాలుగేళ్ళయింది. అయినా దానితోనే నెట్టుకొచ్చింది.

మా దగ్గర కొండపొట్టేలును కొట్టాలంటే పర్మిట్ కావాలి. దానికి లాటరీ తీస్తారు. వేలమంది పేర్లు వేస్తారు, ఒక్కో కొండకు ముగ్గురికో నలుగురికో వస్తుంది. చాలామందికి బతుకంతా రాదు. వచ్చినవాళ్ళకు కూడా ఆ ఒక్క సీజనే. వేట కుదిరినా కుదరకపోయినా పేరు వేసిన పాత ఏళ్ళన్నీ చెల్లైపోయి, మళ్ళీ మొదటి నుంచి పేరు వేసుకోవాలి. ఆర్డిస్ ఇరవయ్యేడేళ్ళు పేరు వేసింది. కిందటి జూన్‌లో వచ్చింది.

ఆ కాగితం పట్టుకుని, వంట ఏప్రన్ కూడా విప్పకుండా నా దుకాణానికి వచ్చింది. జనవరిలో రెండు మోకాళ్ళూ మారుస్తారట. ఆ తర్వాత కొండలు ఎక్కే మాట మర్చిపొమ్మన్నాడట డాక్టరు.

"ఈ కాళ్ళతో ఇంకొక్క కొండ ఎక్కగలను వెండెలూ. రెండోది నా వల్ల కాదు. తేలిగ్గా ఉండేది ఒకటి కట్టిపెట్టు. మూడొందల గజాల అవతల ఉంటే నేనెలాగూ కొట్టను" అంది.

మూడొందల గజాలకైతే నా దాకా ఎందుకు, రాళ్ళు విసిరి కొట్టుకో అన్నాను. నవ్వి ఊరుకుంది. నేను మాత్రం ఊరుకోలేదు. ఏడొందల గజాలకు కట్టాను.

ఆ తుపాకీ గురించి చెప్పాలంటే నాకు ఒక పూట పడుతుంది, కాబట్టి కొంచెమే చెబుతాను. ఆర్డిస్‌ను దుకాణం మధ్యలో నిలబెట్టి, చీపురు కర్ర భుజానికి ఆనించి, చెయ్యి ఎంత చాచుతుందో, చెంప ఎక్కడ వాలుతుందో కొలిచాను. సన్నటి గొట్టం తెప్పించి, బయట నిలువునా గాళ్ళు తీసి బరువు తగ్గించాను. తూటా కూర్చునే గది తొలిచేటప్పుడు నేను రేడియో పెట్టను, ఫోనెత్తను, నోరీన్ కాఫీ తెస్తే గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళిపోతుంది. లెక్కంతా అంగుళంలో వెయ్యో వంతుల్లో నడుస్తుంది. తలవెంట్రుక అంతకు మూడింతల మందం. పూర్తయ్యాక గురి చూసే స్కోపుతో కలిపి తూస్తే ఏడు పౌన్లు దాటలేదు. ఆర్డిస్ ఒంటిచేత్తో ఎత్తి చూసి, మా పెద్ద సూపు గిన్నె దీనికంటే బరువు అంది.

తుపాకీ కట్టడంతో సగం పనే అవుతుంది. దానికి నప్పే తూటా కూడా చేత్తో చెయ్యాలి. దుకాణంలో కొన్న తూటాలు అందరి తుపాకులకూ పేలతాయి, ఏ తుపాకీకీ పూర్తిగా నప్పవు. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతి మీద గుండు. ఈ నాలుగూ ఒక్కో తుపాకీకి ఒక్కో రకంగా పొసగాలి. నేను గుల్లలు ఒక్కొక్కటీ తూచి, మూతులు చెక్కి, మందు పలుకు తేడా రాకుండా కొలిచి పోస్తాను. అన్నిటికంటే చివరిది, అన్నిటికంటే మాయదారిది, గుండును ఎంత లోతుగా కూర్చోబెట్టాలన్నది. గొట్టం లోపల మెలికలు తిరిగిన గీతలుంటాయి. పేలిన గుండు వాటిని పట్టుకునే తిరుగుతూ పోతుంది. గుండు ముక్కు ఆ మెలికలకు ఎంత దగ్గరగా ఉంటే గురి అంత బిగుస్తుందని మాలో చాలామంది నమ్మకం.

ఆగస్టులో మా ఊరి రైతు క్లిఫర్డ్ చక్కెర దుంపల చేను వెనక బల్ల వేసుకుని ఆ తుపాకీని పరీక్షించాను. గుండు కొంచెం వెనక్కి కూర్చోబెడితే ఐదు దెబ్బలు వంద గజాల దగ్గర ముప్పావు అంగుళంలో పడ్డాయి. వేట తుపాకీకి అది వరం. ఏ పొట్టేలూ అంతకంటే సన్నగా ఉండదు. కానీ నాకు అవమానంగా అనిపించింది. గుండును అంగుళంలో వెయ్యో వంతు చొప్పున ముందుకు జరుపుతూ పోయాను. చివరికి ముక్కు మెలికలకు ఆని, ఇంకొంచెం లోపలికి నొక్కుకునేలా పెట్టేసరికి ఐదు దెబ్బలూ ఒకే బెజ్జంలో పడ్డాయి. దాన్ని చిటికెన వేలు గోటితో మూసెయ్యొచ్చు. ఆ బెజ్జం పడ్డ అట్టముక్క మీద ఆర్డిస్ పేరు రాసి, దుకాణంలో అందరికీ కనబడేలా గోడకు కొట్టాను. కళ్ళు నెత్తికెక్కడమంటే అదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతి చలికాలం మా వేటగాళ్ళ సంఘంలో తూటాలు చేసుకోవడం నేనే నేర్పుతాను. మొదటి క్లాసులోనే నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాస్తాను, కొండ మీదికి తీసికెళ్ళే తూటాలో గుండు మెలికలకు ఆనకూడదు అని. బల్ల మీద ఎక్కించిన తూటానల్లా పేల్చేస్తాం కాబట్టి అక్కడ ఏమీ తెలియదు. వేటలో అయితే ఎక్కించిన తూటాను పేల్చకుండా దించాల్సి రావచ్చు. అప్పుడు మెలికల్లో బిగుసుకున్న గుండు గొట్టంలోనే ఉండిపోతుంది, గుల్ల ఒక్కటే బయటికొస్తుంది. ఇలా ముప్పయ్యొక్క ఏళ్ళు పిల్లాజెల్లాకూ ముసలీముతకకూ చెప్పాను. ఆ మాట వాళ్ళకే, నాకు కాదనుకున్నాను. ఆర్డిస్‌కు ఇచ్చిన తూటాల్లో ఒక్కటంటే ఒక్కదాన్ని కూడా ఎక్కించి, పేల్చకుండా దించి చూడలేదు. నా పనిని నేనే అనుమానించడం ఏమిటని.

సెప్టెంబరులో ఆవిడ అరవై తూటాలతో సాధన చేసింది. అన్నీ పేల్చింది. ఒక్కటీ తప్పలేదు. వేటకు ఇంకో ఇరవై చేసి పెట్టెలో పెట్టిచ్చాను.

అక్టోబరంతా శని, ఆదివారాలు కొండకు వెళ్ళింది. ఆడగొర్రెలూ పిల్లలూ తప్ప పొట్టేలు కనబడలేదు. మోకాళ్ళు వాచి సోమవారాలు వంటింట్లో స్టూలు మీద కూర్చునే వండేది. సీజను ముగిసేది నవంబరు చివరి ఆదివారం. థాంక్స్‌గివింగ్ పండక్కి బడి మూసేశారు కాబట్టి ఆఖరి వారం అక్కడే ఉంటానంది. నేనూ వస్తానన్నాను. ఒంటరిగా వెళ్ళనివ్వడం మంచిది కాదని నోరీన్‌తో చెప్పాను. నా తుపాకీ దెబ్బ నా కళ్ళతో చూడాలన్నది అసలు కారణం. నోరీన్‌కు రెండూ తెలుసు.

బండి ఆపిన చోటి నుంచి డేరా వేసిన చోటికి నాలుగు గంటల నడక. సామాను సర్దేటప్పుడు గొట్టం తుడిచే పొడుగాటి కడ్డీని చేతిలోకి తీసుకుని, అరపౌను బరువని తిరిగి బండిలో పడేశాను. రెండు రోజులు దుప్పి మాంసం సాసేజీ, కాఫీ తప్ప ఏమీ జరగలేదు. మూడోరోజు శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికి లోయకు అవతలి వాలు మీద ఆవిడే ముందు చూసింది.

మగది. పెద్దది. పక్కనే ఒక చిన్న మగది. దూరం కొలిస్తే నాలుగొందల ఎనభై గజాలు. ఆర్డిస్ సంచీ మీద తుపాకీ ఆనించి పడుకుంది. తూటా ఎక్కించింది. పొట్టేలు కంటి ముందుంటే తప్ప తూటా ఎక్కించని మనిషి. అన్ని వారాల్లో కొండ మీద తూటా గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

కొట్టు అన్నాను. ఆవిడ కదల్లేదు. గాలి ఎడమ నుంచి ఆగి ఆగి వీస్తోంది. గాలికి ఎంత జరపాలో చెప్పాను. ఇంతకంటే దూరాన ప్లేటంత రేకును పదికి పదీ కొట్టావు కదా అన్నాను. నా గొంతులో తొందర నాకే వినబడుతోంది.

"నీ తుపాకీ కొడుతుంది వెండెలూ. నేను కొట్టలేను. గాయంతో ఆ లోయలో పడి చస్తే నేను ఓర్చుకోలేను. ముందుకు పోదాం పద" అంది.

మా ముందున్న బండరాళ్ళ వెనగ్గా పాకితే రెండొందల గజాల దాకా పోవచ్చు. తూటా ఎక్కించిన తుపాకీతో ఆవిడ పాకదు. ఎవరూ పాకకూడదు కూడా. బోల్టు ఎత్తి వెనక్కి లాగింది. కొంచెం పట్టినట్టయి, తర్వాత వచ్చేసింది. వచ్చింది ఉత్త గుల్ల. మూతి ఖాళీ. నల్లటి మందు పలుకులు బోల్టు దారంతా, ట్రిగ్గరు సందుల్లోకీ ఒలికిపోయాయి.

నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. గుండు గొట్టంలో ఉంది. కడ్డీ బండిలో ఉంది. వెనక ఇంకో తూటా పెట్టి పేలిస్తే తుపాకీతో పాటు మనిషి మొహం కూడా పోతుంది. చేతిలో ఉన్నది ఏడు పౌన్ల కట్టె.

"ఇదేంటిది? ఏం చేశాను నేను?" అంది ఆర్డిస్, గుసగుసగా.

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. తప్పు నాది అని. నోటిదాకా వచ్చింది కూడా. వచ్చి, అక్కడ ఇంకో మాటగా మారింది.

"బోల్టు గట్టిగా లాగావా?" అన్నాను.

ఆవిడ తన చెయ్యి చూసుకుంది. "లాగానేమో" అంది.

అబద్ధం ఆడానని ఎవరూ అనలేరు. ఒక ప్రశ్న అడిగాను, అంతే. అంత తెలివిగా తప్పించుకున్నందుకు ఆ పూట నాలో ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ కలిగింది.

ఇంతలో ఆ పొట్టేలు వాలు దిగి, లోయ అడుగు దాటి, మావైపు మేస్తూ రావడం మొదలెట్టింది. మేము రాయిలా బిగుసుకుపోయాం. నూటయాభై అడుగుల దగ్గరికి వచ్చింది. పాత తుపాకీతో, కళ్ళజోడు లేకపోయినా, ఆర్డిస్ కొట్టగలిగే దూరం. నలభై నిమిషాలు అక్కడే ఉంది. నేను వాచీ చూసుకున్నాను కాబట్టి ఖాయంగా చెబుతున్నాను. ఆవిడ నా పక్కనే ఉంది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక నేను పొట్టేలును చూస్తూ కూర్చున్నాను. తర్వాత అది గుట్ట ఎక్కి అవతలికి వెళ్ళిపోయింది.

నేను బండి దాకా దిగి, కడ్డీ తీసుకుని, మర్నాడు పొద్దున్నే పైకి ఎక్కాను. దారిలోనే మంచు అందుకుంది. మూతి వైపు నుంచి కడ్డీతో ఒక్క పోటు పొడిస్తే గుండు టక్కున ఊడి పడింది. శనివారం మంచులో ఏమీ కనబడలేదు. ఆదివారం సాయంత్రం దాకా ఆవిడ ఆ గుట్ట కిందే కూర్చుంది. వెలుగు పోయాక పర్మిట్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుంది. దిగేటప్పుడు నా టైమంతా పాడుచేశానని మూడుసార్లు క్షమాపణ చెప్పింది. నేను పర్లేదన్నాను. పర్లేదు అన్నాను, మూడుసార్లూ.

మా ఊళ్ళో ఏ సంగతైనా హెల్గా కేఫ్‌లో తేలాలి. పొద్దున ఆరున్నరకు రైతులూ రిటైరైనవాళ్ళూ పాన్‌కేకులు తింటూ అందరి బతుకులూ తిరగేస్తారు. ఆర్డిస్ తనంతట తనే అక్కడికి వచ్చి, ఎవరూ అడక్కముందే చెప్పేసింది. బోల్టు మొరటుగా లాగి తూటా పాడుచేశాను, పొట్టేలు కళ్ళముందే వెళ్ళిపోయింది, వెండెల్ తుపాకీలో ఏ వంకా లేదు అని. నా పేరు చెడకూడదని చెప్పింది. ఆవిడ వెళ్ళాక బల్ల చుట్టూ నవ్వులు మొదలయ్యాయి. సూపుగరిటె తిప్పినట్టు బోల్టు తిప్పి ఉంటుందన్నాడొకడు. ఇరవయ్యేడేళ్ళు వేచి చూసి చివరికి ఉడకబెట్టేసిందన్నాడు ఇంకొకడు. నేను పాన్‌కేకు మీద సిరప్పు పోసుకున్నాను. తేలుకుట్టిన దొంగను నేను.

క్లిఫర్డ్ మాత్రం నవ్వలేదు. వాడు కూడా సొంతంగా తూటాలు చేసుకుంటాడు, పైగా నా క్లాసులోనే నేర్చుకున్నాడు.

"గుండు ఎంత ముందుకు పెట్టావు?" అని అడిగాడు, కప్పులోకి చూస్తూ.

"అన్నిటికీ పెట్టినట్టే" అన్నాను.

మళ్ళీ అడగలేదు. కాఫీ తాగేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి వదిలేసినందుకు వాడి మీద నాకు కోపం వచ్చింది. నిలదీసి ఉంటే కనీసం పోట్లాడేవాణ్ణి.

ఆ వారం మిగిలిన పంతొమ్మిది తూటాలూ, అలాంటి గదే తొలిచిన ఒక గొట్టం ముక్కా ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటీ ఎక్కించి, పసిపిల్ల జుట్టు దువ్వినట్టు మెల్లగా దించాను. మొదటి ఆరింటికి ఆరు గుండ్లూ లోపలే ఉండిపోయాయి. మెల్లగా తీసినా ఒకటే, లాగినా ఒకటే. మూతులు అంత పల్చగా చెక్కాను కాబట్టి గుండును పట్టుకునే బలం వాటికి లేదు. ఏడోది ఎక్కించబోతుంటే నోరీన్ భోజనానికి పిలవడానికి వచ్చి, బల్ల మీద ఒలికిన మందునూ నన్నూ చూసింది.

"ఏం, ఆర్డిస్ చేతులు ఇక్కడిదాకా వచ్చాయా?" అంది.

ఆవిడ వెళ్ళి నా పళ్ళెం బల్ల మీద పెట్టి, తను వేరే గదిలో తినేసింది. మా పెళ్ళయి ముప్పయ్యారేళ్ళు. అలా తినడం అదే మొదలు.

డిసెంబరు మధ్యలో ఒక శనివారం మధ్యాహ్నం ఆర్డిస్ దుకాణానికి వచ్చింది. ఒక చేతిలో తుపాకీ సంచీ, ఇంకో చేతిలో ఊరబెట్టిన బీట్‌రూట్ సీసా. మెట్లు రెండే అయినా ఆగి ఆగి ఎక్కింది. సీసా నా ముందు పెట్టి, నీ తుపాకీకి చెడ్డపేరు తెచ్చాను, ఇది తిను అంది. తర్వాత పని చెప్పింది.

"మా చెల్లెలి కూతురికి ఇద్దామనుకుంటున్నా. అదీ పేరు వేస్తోంది మూడేళ్ళుగా. నాలా చెయ్యకుండా, తూటా దించేటప్పుడు బోల్టు ఎలా తియ్యాలో నాకు చూపించు. నేను దానికి చూపిస్తా."

నేను ఏదో అనేలోపే తుపాకీ తీసి, లోపల ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, బోల్టు ఎత్తింది. మెల్లగా వెనక్కి తెచ్చింది. నావైపు చూసింది. మళ్ళీ మూసి, ఇంకా మెల్లగా తెచ్చింది. నలభై ఏళ్ళు గంగాళాలు ఎత్తిన చేతులు, కణుపులు వాచిన వేళ్ళు.

"ఇంతేనా? ఇంకా మెల్లగానా?" అంది.

ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో చేసింది. గోడ మీద ఆవిడ పేరు రాసిన అట్టముక్క నాకు ఎదురుగా ఉంది. ఆ చేతులు అలా ఇంకొక్కసారి కదిలితే నేను మనిషిని కాననిపించింది.

"చాలు ఆర్డిస్" అన్నాను. "నీ చేతుల్లో ఏ తప్పూ లేదు. గుండు నేనే ముందుకు పెట్టాను. గురి కోసం. కొండ మీదికి అలా పెట్టకూడదని నాకు తెలుసు. నువ్వు కాదు, దేవుడు వచ్చి దించినా అది గొట్టంలోనే ఉండేది."

ఆవిడ బోల్టు మీద చెయ్యి అలాగే ఉంచింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"అక్కడే. గుల్ల బయటికి రాగానే."

"మరి నన్ను అడిగావుగా, గట్టిగా లాగావా అని."

"అడిగాను."

తుపాకీని బల్ల మీద పెట్టి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఊరందరి ముందూ చెబుతాను, రేపు పొద్దున్నే కేఫ్‌లో చెబుతాను అన్నాను. చెప్పాను కూడా, మర్నాడు. నిలబడి, అట్టముక్క చేత్తో పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒక్కడూ నవ్వలేదు. క్లిఫర్డ్ కప్పులో కాఫీ పోసి నావైపు జరిపాడు. అది కష్టమనుకున్నాను గానీ, ఆ శనివారం మధ్యాహ్నం తర్వాత అదేమంత కష్టంగా లేదు.

ఎందుకంటే ఆ మధ్యాహ్నం దుకాణంలో ఆర్డిస్ నా మాటలేవీ విన్నట్టు లేదు. ఇంకేదో లెక్క వేసుకుంటోంది.

"అది ఎంతసేపు ఉంది వెండెలూ, అక్కడ, మన ముందు?" అంది.

"నలభై నిమిషాలు."

"నేను చూళ్ళేదు" అంది. "నా చెయ్యి చూసుకుంటూ కూర్చున్నా. ఎక్కడ లాగాను, ఎంత లాగాను, ఎందుకు అంత తొందరపడ్డాను అని. తల ఎత్తేసరికి దాని వెనక భాగం కనబడింది, గుట్ట ఎక్కుతూ."

పొట్టేలు పోవడం ఒక్కటే నా మీదున్న నేరమనుకుని మూడు వారాలు మోశాను. వేట తప్పిపోవడం వేటలో ఉండేదే, ఆవిడ దానికి సిద్ధపడే వచ్చింది. ఇరవయ్యేడేళ్ళు కలగన్న జంతువు పెరటి కంచె అంత దూరంలో నిలబడితే, కళ్ళారా చూడనియ్యకుండా చేసింది నేను. దానికి గుండు అక్కర్లేకపోయింది, ఒక్క ప్రశ్న సరిపోయింది.

"నువ్వు చూశావుగా" అంది.

"చూశాను."

"చెప్పు మరి."

కోపంగా అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ అంది. నేను చెప్పడం మొదలెట్టాను. ఎడమ కొమ్ము కొస విరిగి, పేళ్ళు లేచి ఉంది. కుడిది చెంప దాటి, కంటి దాకా మళ్ళీ పైకి తిరిగింది. ముక్కు మీద అడ్డంగా పాత గాటు. మెడ లావు, దాని మీద బొచ్చు గోధుమ రంగు, వెనక తొడలు తెలుపు. పాత మంచు కింద గడ్డిని కాలితో రెండు గీతలు గీసి బయటికి తీసేది, తిని, తల ఎత్తి, నమిలేది. నమిలేటప్పుడు ఊపిరి పొగలా వచ్చేది. ఒకసారి మనవైపు చూసింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి, తేనె రంగు. చూసి, మనల్ని లెక్కపెట్టకుండా, ఒక బండకు మెడ ఆనించి చాలాసేపు రుద్దుకుంది. ఆ బండ మీద బొచ్చు మిగిలిపోయింది. చిన్నది దగ్గరికొస్తే కొమ్ముతో ఒక్కసారి నెట్టింది, మళ్ళీ ఊరుకుంది. తర్వాత ముందుకాళ్ళు మడిచి పడుకుంది కూడా, ఎండ వచ్చినంతసేపు.

గుర్తున్నదంతా చెప్పాను. గుర్తులేనిది కల్పించలేదు. ఆ మనిషికి ఇంకొక్క అబద్ధం చెప్పలేను. ఎంత నెమ్మదిగా చెప్పినా పావుగంటలో అయిపోయింది. నేను ఆగాక కూడా ఆర్డిస్ లేవలేదు. ఇంకా ఏమన్నా చెబుతానేమోనని నావైపే చూస్తూ కూర్చుంది.